ముప్ఫై స్థానాల్లో ఒక తెలుగు పేరు: స్థిర వెడల్పు ఫైళ్ల చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

డేటాబేసులో ఉన్న పేరును స్థిర వెడల్పు ఫైలులోకి, అంటే ప్రోగ్రామర్లు రోజూ ఫిక్స్‌డ్ విడ్త్ ఫైల్ అనేదానిలోకి దింపడం పైకి చిన్న పనిలాగే ఉంటుంది. ప్రతి వరసలో పేరుకు ఇన్ని స్థానాలు, ఊరికి ఇన్ని, సొమ్ముకు ఇన్ని అని ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ముందే ఒప్పందం ఉంటుంది. పేరు చిన్నదైతే మిగిలిన చోటును ఖాళీలతో నింపుతారు. పెద్దదైతే కోస్తారు. మధ్యలో కామా ఉండదు, ట్యాబ్ ఉండదు. ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పేది స్థానం సంఖ్య ఒక్కటే. ఇంగ్లిషు పేర్లతో ఈ ఏర్పాటు దశాబ్దాల పాటు నిక్షేపంగా నడిచింది. తెలుగో బెంగాలీయో జపనీసో వచ్చేసరికి ఒక ప్రశ్న అడ్డం వస్తుంది. ‘పేరుకు 30’ అని రాసుకున్నప్పుడు ఆ 30 ఏమిటి? బైట్లా, కోడ్ పాయింట్లా, మనిషి చదివే అక్షరాలా, తెర మీది గళ్లా?

ఈ ప్రశ్నకు ఒక్కో డేటాబేసు కంపెనీ ఒక్కో జవాబు ఇచ్చుకుంది. ప్రోగ్రామింగ్ భాషలు తమ దారిన తాము పోయాయి. యూనికోడ్ సంస్థే తన లెక్కను 2023లో సవరించింది. చిక్కుముడి ఇంతగా బిగిసిన తర్వాత ఎవరి వాదన ఏమిటో, ఏది తేలిందో, ఏది తేలలేదో ఒకసారి పరిచి చూసుకోవడం అవసరం.

ఖరిదా నుంచి చూస్తే

ఖరగ్‌పూర్ అనే పశ్చిమ బెంగాల్ రైల్వే పట్టణం ఈ చర్చకు మంచి కొలబద్ద. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, వర్క్‌షాపును నెలకొల్పింది. తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కూలీలకూ ఫిట్టర్లకూ ఖరగ్‌పూర్ ఒకే రైలుదారి మీది ఊరైంది. ఖరిదా, నింపురా, మథురాకాటి వంటి పేటల్లో తరతరాలుగా తెలుగు వినబడడానికి కారణం అదే. ఆ ఇళ్లలో మాట్లాడేది తెలుగు. రైల్వే కార్యాలయంలో నడిచేవి హిందీ, ఇంగ్లిషు. రాష్ట్ర ప్రభుత్వ కాగితాల మీద ఉండేది బెంగాలీ. ఒకే మనిషి పేరు నాలుగు లిపుల్లో తిరుగుతుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా అడుగుతున్నది అది. గుర్తింపు బోర్డుల దగ్గర ఆగిపోకూడదు అనుకుంటే తెలుగు పేరు తెలుగులోనే డేటాబేసులోకి చేరాలి. చేరినది అక్కడే ఉండిపోదు. జీతం, పింఛను, స్కాలర్‌షిప్, బీమా, ఏదైనా సరే, ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి ఫైలుగా వెళుతుంది. పాత వ్యవస్థలు ఉన్నచోట ఆ ఫైలు చాలావరకు స్థిర వెడల్పుదే. అందుకే మన చర్చ కేవలం ఇంజనీర్ల సొంత గొడవ కాదని నా అభిప్రాయం.

రైల్వే రిజర్వేషన్ కాగితం మీద పేరును పెద్ద అక్షరాల్లో, 15కు మించకుండా రాయమని ఉంటుంది. రోమన్‌లో వెంకటేశ్వరకు 12 అక్షరాలు, రావుకు 3, మధ్య ఖాళీ ఒకటి. మొత్తం 16. కౌంటర్ దగ్గర నిలబడిన మనిషికి ఆ 15 ఒక సూచనలాగే కనిపిస్తుంది. అలాంటి పరిమితుల వెనక సాధారణంగా ఉండేది మాత్రం రికార్డులో పేరుకు కేటాయించిన చోటు.

కార్డు కట్టల నుంచి కోబాల్ దాకా

స్థిర వెడల్పుకు మూలం కాగితం. హెర్మన్ హోలరిత్ 1890 అమెరికా జనగణనకు రంధ్రాల కార్డులు వాడాడు. ఐబీఎం 1928లో 80 నిలువు వరసల కార్డును తెచ్చింది. ఒక్కో నిలువు వరసలో ఒక్కో అక్షరం పడుతుంది కాబట్టి రికార్డులో ప్రతి అంశానికీ మొదలు, చివర సంఖ్యలు ఉండాల్సిందే. 1960లో వచ్చిన కోబాల్ ఆ కార్డునే భాషగా మార్చుకుంది. అందులో పేరుకు 30 ఎక్స్‌ల చిత్రం రాస్తే 30 స్థానాలు. 1960లలో మన రైల్వే జోన్ల కార్యాలయాలకు వచ్చిన ఐబీఎం 1401 యంత్రాలు ఈ పద్ధతిలోనే జీతాల లెక్కలు, సామాన్ల లెక్కలు చేశాయి.

ఆ రోజుల్లో ఒక స్థానం, ఒక అక్షరం, ఒక నిల్వ ప్రమాణం, అచ్చులో ఒక గడి, ఈ నాలుగూ ఒకటే. ఎవరూ వాటిని విడదీసి ఆలోచించలేదు, ఆలోచించే అవసరమూ రాలేదు. అసలు చిక్కంతా ఆ నాలుగూ ఒకదానికొకటి దూరమైనప్పుడు మొదలైంది. పాత ఒప్పందాల్లో ‘30’ అని మాత్రమే ఉంది, దేనిలో అన్నది లేదు.

ఇస్కీ, ఫాంట్ల కాలం, యూనికోడ్

భారతీయ లిపులకు కంప్యూటర్‌లో చోటు కోసం జరిగిన మొదటి గట్టి ప్రయత్నం ఇస్కీ. ఐఎస్ 13194 పేరుతో 1991లో ఖరారైన ఈ ప్రమాణంలో హల్లుకు ఒక బైటు, గుణింతపు గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి. ఒకే సంకేత పట్టిక అన్ని లిపులకూ పనిచేస్తుంది. లిపి మారినప్పుడు అదనంగా ఒక మార్పు సంకేతం వేయాలి. స్థిర వెడల్పు ఫైలు రాసేవారికి ఇస్కీ కొంత మేలు చేసింది: బైట్ల లెక్క, సంకేతాల లెక్క ఒక్కటే. కానీ ఒకే ఫైలులో తెలుగు, బెంగాలీ కలిస్తే మార్పు సంకేతాలు కూడా స్థానాలు తినేస్తాయి. ఖరగ్‌పూర్‌లాంటి ఊరికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఆ తర్వాత డీటీపీ ఫాంట్ల కాలం. అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో టైపు చేసినది అక్షరాల సంకేతాలుగా కాక తలకట్టు, వత్తు, కొమ్ము వంటి ముక్కల సంకేతాలుగా నిల్వ అయింది. డేటాబేసుకు అది అర్థంలేని లాటిన్ అక్షరాల గుంపు. బైట్ల లెక్క మాత్రం సరిపోయేది. అందుకే చాలా కార్యాలయాలకు తమ ఫైళ్లలో సమస్య ఉందని యూనికోడ్‌కు మారేదాకా తెలియలేదు.

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. తెలుగుకు 128 స్థానాల గది దక్కింది. ఆ గది అమరికకు ఆధారం ఇస్కీయే. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ను రూపొందించారు. అందులో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతం ప్రతిదానికీ 3 బైట్లు. యూటీఎఫ్-16లో తెలుగు సంకేతానికి 2 బైట్లు. ఒక్కసారిగా తెలుగు పేరు మూడింతలైంది, దానికి కేటాయించిన చోటు మాత్రం అంతే ఉండిపోయింది.

ఒకే పేరు, అయిదు లెక్కలు

వెంకటేశ్వరరావు అనే పేరునే తీసుకుని, ఖాళీ లేకుండా కలిపి రాసి లెక్కపెడదాం.

యూటీఎఫ్-8 బైట్లు: 42
యూటీఎఫ్-16 బైట్లు: 28
కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్ సంకేతాలు: 14
తెర గళ్లు, మార్కస్ కూన్ రాసిన పేరొందిన లెక్క ప్రకారం: 10
చదివే అక్షరాలు: వెం, క, టే, శ్వ, ర, రా, వు, మొత్తం 7

అన్నీ సరైన లెక్కలే. ఇప్పుడు పేరుకు 30, ఆ వెంటనే 31వ స్థానం నుంచి సొమ్ము అనే ఒప్పందం ఉందనుకోండి. ఎగుమతి ప్రోగ్రామ్ కోడ్ పాయింట్లను లెక్కపెట్టి ఖాళీలు నింపితే 14 సంకేతాలకు 16 ఖాళీలు కలుపుతుంది. ఫైలులో పడేది 42కు 16 కలిపి 58 బైట్లు. అవతలి వ్యవస్థ బైట్లు లెక్కపెట్టి చదువుతుంది. దానికి పేరు ‘వెంకటేశ్వర’ దగ్గర 30వ బైటుతో నిండుగా ముగుస్తుంది. సొమ్ము ఉండాల్సిన చోట దానికి ‘రావు’ తగులుతుంది. అసలు సొమ్ము 28 బైట్ల అవతల ఉంది. ఇంగ్లిషు పేరున్న వరస పక్కనే సవ్యంగా ఉంటుంది కాబట్టి పరీక్షలో తప్పు బయటపడదు.

ఇందులో మరో ప్రమాదం కూడా ఉంది. సొమ్ము చోట అక్షరాలు కనిపిస్తే కనీసం ప్రోగ్రామ్ ఆగుతుంది. 30 బైట్ల దగ్గర పేరును కోసేసి వదిలితే ఏదీ ఆగదు. ‘వెంకటేశ్వర’ చక్కటి పేరు. 24 బైట్ల దగ్గర కోస్తే ‘వెంకటేశ్’. అదీ చక్కటి పేరే, పొరుగింటి వాడిది కావచ్చు. యంత్రానికి లోపం కనిపించదు, మనిషికి తన పేరు కనిపించదు.

బైటు పక్షం

మెయిన్‌ఫ్రేమ్ మీద పెరిగినవారు, బ్యాంకు ఫైళ్లు రాసేవారు ఎక్కువగా ఈ పక్షంలో ఉంటారు. వారి వాదన సూటిగా ఉంటుంది. ఫైలు అంటే బైట్ల వరస. రికార్డు పొడవు తెలిస్తే పదివేలవ రికార్డు దగ్గరికి ఒక్క గుణకారంతో వెళ్లవచ్చు. ఆ సౌకర్యం పోతే స్థిర వెడల్పుకు అర్థమే లేదు. బైటు కాకుండా వేరేదాన్ని కొలతగా పెట్టుకున్నవారు నిజానికి స్థిర వెడల్పు ఫైలు రాయడం లేదని వారంటారు.

సాంకేతికంగా ఈ వాదనకు నాకు ఎదురు కనిపించదు. ఒరాకిల్ తన లోడర్‌లో అక్షర లెక్కను అనుమతించినా, పొజిషన్ నిబంధనలోని మొదలు, చివర సంఖ్యలను మాత్రం బైట్లుగానే చూస్తుంది. బైటు పక్షం బలహీనత మరోచోట ఉంది. ఆ పక్షంవారు కొలత చెప్పి వదిలేస్తారు, కోత ఎక్కడ పడాలో చెప్పరు. 20 బైట్ల దగ్గర మన పేరు ‘వెంకటే’ తర్వాత రెండు బైట్లతో తెగుతుంది. ‘శ’కు 224, 176, 182 అనే మూడు బైట్లు ఉండాలి, మొదటి రెండే మిగులుతాయి. అవతలి ప్రోగ్రామ్ ఆ సగం ముక్కను చదవలేక దాని బదులు ప్రశ్నార్థకమున్న నల్లని డైమండు గుర్తును పెడుతుంది. ఆ గుర్తు యూటీఎఫ్-8లో 3 బైట్లు. తిరిగి రాసినప్పుడు 20 బైట్ల పేరు 21 అవుతుంది. ఆ వరసలో ఆ తర్వాతి అంశాలన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి. బైట్లు సరిగ్గా లెక్కపెట్టి రాసిన ఫైలు రెండో మజిలీలో ఇలా చెడిపోతుంది.

కోడ్ పాయింట్ల పక్షం, డేటాబేసుల తీరు

కొత్త తరం ప్రోగ్రామర్లలో ఎక్కువమంది తెలియకుండానే ఈ పక్షం. పైథాన్‌లో పొడవు అడిగితే కోడ్ పాయింట్లే వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో, మైసీక్వెల్‌లో 30 అని ప్రకటించిన కాలమ్‌లో 30 కోడ్ పాయింట్లు పడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో కుడివైపు ఖాళీలు నింపే ఆర్‌ప్యాడ్ కూడా అదే లెక్క. భాషతో నిమిత్తం లేకుండా అందరికీ సమాన చోటు అన్నది ఈ పక్షం వాదన. ఇంగ్లిషువాడికి 30, తెలుగువాడికి 10 ఇవ్వడం అన్యాయమని వారంటారు. ఆ మాటలో న్యాయం ఉంది.

కానీ డేటాబేసులు ఈ విషయంలో ఒక మాట మీద లేవు. ఒరాకిల్‌లో మామూలుగా 30 అంటే బైట్లు. 9ఐ కూర్పు నుంచి అక్షర లెక్కకు మారే సెట్టింగు ఇచ్చారు. ఆ సెట్టింగు మార్చినా 4000 బైట్ల గరిష్ఠ పరిమితి అలాగే ఉండేది కాబట్టి 4000 అక్షరాలు అని ప్రకటించిన కాలమ్‌లో తెలుగు 1333 సంకేతాల దగ్గర ఆగిపోయేది. 12సీలో ఆ పరిమితిని 32767 బైట్లకు పెంచుకునే వీలు కల్పించారు. అదే ఒరాకిల్‌లో ఆర్‌ప్యాడ్ వివరణ చదివితే పొడవు అంటే తెర మీద కనిపించే పొడవు అని ఉంటుంది. అంటే ఒకే ఉత్పత్తిలో కాలమ్‌కు ఒక కొలత, నింపడానికి ఇంకొకటి, లోడర్‌కు మరొకటి. ఎగుమతి రాసేవారు బైట్ల పొడవు చెప్పే లెంత్‌బి, బైట్ల ప్రకారం కోసే సబ్‌స్ట్ర్‌బి వాడి సొంతంగా లెక్క సరిచూసుకోవాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ కథ వేరు. విండోస్‌లో తెలుగుకు వార్‌చార్‌కు పనికొచ్చే పాతకాలపు కోడ్ పేజీ ఎన్నడూ లేదు. అందువల్ల మామూలు వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పెడితే 14 సంకేతాల బదులు 14 ప్రశ్నార్థకాలు మిగిలేవి. ఎన్‌వార్‌చార్ వాడితే సంకేతానికి 2 బైట్లు. 2019 కూర్పులో యూటీఎఫ్-8 వచ్చాక వార్‌చార్‌లోనూ తెలుగు నిలుస్తుంది, కానీ అక్కడ 30 అంటే బైట్లు. పాత స్కీమాను అలాగే ఉంచి అమరికను (కొలేషన్) మాత్రం మార్చినవారికి పది సంకేతాలకు మించి పట్టదు.

వీటిలో డీబీ2 పద్ధతి నాకు నచ్చుతుంది. కాలమ్ ప్రకటనలోనే సంఖ్య పక్కన ఆక్టెట్లా, కోడ్ యూనిట్లా అని రాయవచ్చు. ఒరాకిల్‌లోనూ సంఖ్య పక్కన బైట్ అనో చార్ అనో రాయవచ్చు గానీ రాసేవారు తక్కువ. ఐబీఎం కోబాల్ 6.3 కూర్పులో యూటీఎఫ్-8 కోసం కొత్త రకం తెచ్చినప్పుడు స్థిరమైన అక్షరాల పొడవు, స్థిరమైన బైట్ల పొడవు రెండింటినీ పెట్టింది. అక్షర లెక్క ఎంచుకుంటే అక్షరానికి 4 బైట్ల చొప్పున చోటు పక్కన పెడుతుంది. అరవై ఏళ్ల భాష కూడా ఒక పక్షాన్ని ఎంచుకోలేక రెండు తలుపులూ తెరిచి ఉంచింది.

చదివేవారి అక్షరం

కోడ్ పాయింట్ల పక్షానికి పెద్ద లోపం ఒకటి ఉంది. తెలుగు చదివేవారెవరూ కోడ్ పాయింట్లను చదవరు. ‘లక్ష్మి’ అంటే మనకు రెండక్షరాలు. యంత్రానికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 7 సంకేతాలు. అయిదో సంకేతం దగ్గర కోస్తే ‘లక్ష్’ మిగులుతుంది. బైట్ల పరంగా, సంకేతాల పరంగా ఏ లోపమూ లేని కోత అది. తెలుగు మాత్రం చెడిపోయింది.

అందుకే యూనికోడ్ 29వ అనుబంధ నివేదికలో మనిషి ఒక్కటిగా భావించే గుంపులకు నియమాలు రాసింది. ఆ నియమాలూ మనకు చాలాకాలం సరిపడలేదు. పాత నియమం ప్రకారం ‘శ్వ’ రెండు గుంపులు: ‘శ్’, ‘వ’. అప్పుడు వెంకటేశ్వరరావు 8 గుంపులు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే కొత్త నియమాన్ని చేర్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపులకు అది వర్తిస్తుంది. దానితో లెక్క 7కు వచ్చింది, మన చదువుకు సరిపోయింది.

ఇది తెలుగుకు దక్కిన న్యాయం. స్థిర వెడల్పు ఫైలుకు మాత్రం కొత్త చిక్కు. 24 బైట్ల చోటులో అక్షరం చెడకుండా కోయమంటే పాత లైబ్రరీ ‘వెంకటేశ్’ ఇస్తుంది, కొత్తది ‘వెంకటే’ ఇస్తుంది. లైబ్రరీ కూర్పు మారగానే ఒకే మనిషి పేరు రెండు ఫైళ్లలో రెండు రకాలుగా తెగుతుంది. పేరు పోల్చి ఖాతా సరిచూసే చోట ఇది తిరస్కరణకు దారి తీస్తుంది. అక్షరాన్ని కొలతగా పెట్టమనేవారు ఈ అభ్యంతరానికి ఇంకా జవాబు చెప్పాల్సి ఉంది. ఒక అక్షరానికి గరిష్ఠంగా ఎన్ని బైట్లు అన్న హద్దు కూడా లేదు కాబట్టి రికార్డు పొడవును అక్షరాల్లో బిగించడం కుదరని పని. కోతకు హద్దుగా మాత్రం అక్షరానికి మించినది లేదు.

తెర గళ్లు, జపాన్ అనుభవం

అచ్చు కాగితం మీదో టెర్మినల్ మీదో నిలువు వరసలు సూటిగా కనిపించాలనేది నాలుగో పక్షం కోరిక. ఈ పక్షానికి పుట్టిల్లు జపాన్. షిఫ్ట్-జిస్ సంకేతాల్లో కాంజీకి 2 బైట్లు, తెర మీద 2 గళ్లు. సగం వెడల్పు కటకానాకు ఒక బైటు, ఒక గడి. బైటు, గడి కాకతాళీయంగా కలిసిపోయాయి. దశాబ్దాల పాటు జపాన్ ప్రోగ్రామర్లకు ఈ ప్రశ్న ఇంత తీవ్రంగా ఎదురవకపోవడానికి కారణం అదే. యూటీఎఫ్-8లో కాంజీకి 3 బైట్లు, 2 గళ్లు అయ్యేసరికి వారూ మన పక్కకు వచ్చి నిలబడ్డారు.

తెలుగుకు ఆ సఖ్యత ఎప్పుడూ లేదు. కూన్ లెక్కలో గుడికి, తలకట్టు దీర్ఘానికి గడి లేదు, కొమ్ముకు, సున్నకు ఒక్కో గడి ఉంది. అది యూనికోడ్ వర్గీకరణ నుంచి వచ్చిన తేడా, కంటికి కనిపించేదానితో దానికి పొత్తు తక్కువ. తెలుగు ఫాంట్లలో ‘ర’ వెడల్పు వేరు, ‘ఘ’ వెడల్పు వేరు. మన లిపికి గళ్లను కొలతగా పెట్టడం దండగ.

రోమన్‌లోకి తప్పుకోవడం, ఫార్మాటే మార్చడం

చర్చను పక్కనపెట్టి పని నడిపే దారి ఇంకొకటి ఉంది: ఫైలులో రోమన్ లిపి మాత్రమే పంపడం. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసలు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక్కో వరసకు 44 స్థానాలు, అందులో పేరుకు 39. రోమన్ పెద్ద అక్షరాలు, అంకెలు, ఒక నింపుడు గుర్తు తప్ప మరేదీ ఉండదు. అమెరికా బ్యాంకుల ఏసీహెచ్ ఫైళ్లలో రికార్డుకు 94 స్థానాలు, అవీ రోమన్‌లోనే. జపాన్ బ్యాంకుల జెంగిన్ ఫైలులో రికార్డు 120 బైట్లు, పేర్లు సగం వెడల్పు కటకానాలో ఉంటాయి. ఒక బైటులో ఇమిడే సొంత లిపి వారికి ఉంది, మనకు లేదు.

పాస్‌పోర్టు ప్రమాణంలో మెచ్చుకోవాల్సినది మరొకటి ఉంది. పేరు పట్టనప్పుడు ఎలా కుదించాలో అందులో నియమాలు రాసి ఉన్నాయి. ఎక్కువ కార్యాలయాల ఫైలు ఒప్పందాల్లో లేనిది సరిగ్గా అదే.

రోమన్ దారి మనవాళ్ల పేర్లకు చేసే నష్టం తక్కువేమీ కాదు. వెంకటేశ్వరలోని ‘శ్వ’ను రోమన్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఖరిదాలోని తెలుగు కుటుంబంలో తండ్రి రైల్వే రికార్డుల్లో ఒక రోమన్ వర్ణక్రమంతో, కొడుకు పాఠశాల రికార్డుల్లో ఇంకొక దానితో నమోదైతే, మధ్యలో బెంగాలీ నుంచి రోమన్‌కు మారినది మూడోది అవుతుంది. బెంగాలీలో ‘వ’కు విడిగా అక్షరం లేకపోవడం వల్ల తిరిగి తెలుగులోకి తెచ్చేటప్పుడు మూలం దొరకదు. తాత్కాలిక సర్దుబాటుగా రోమన్‌ను ఒప్పుకోవచ్చు గానీ, దాన్నే పరిష్కారమని చెప్పడం మన భాషను ఫైలు కొలతకు బలిపెట్టడమే.

ఫార్మాట్‌నే మార్చేయాలనేవారు ఎక్స్‌ఎంఎల్, జేసన్ లేదా గుర్తులతో విడదీసిన ఫైళ్లు వాడమంటారు. జపాన్ బ్యాంకులు 2018 డిసెంబరులో ఎక్స్‌ఎంఎల్ ఆధారిత వ్యవస్థను పాత దాని పక్కన ప్రారంభించాయి. అంతర్జాతీయ చెల్లింపులు ఐఎస్‌వో 20022కు మారాయి. కొత్తగా కట్టే వ్యవస్థకు ఇదే సరైన దారి, ఇందులో వాదించేది పెద్దగా లేదు. పాత వ్యవస్థ అవతలి పక్షం చేతుల్లో ఉన్నప్పుడు ఆ మాట చెప్పి ఊరుకుంటే పని జరగదు.

ఇంకా తేలనివి

ఒకే పేరుకు రెండు రకాల సంకేత వరసలు ఉండడం మొదటి చిక్కు. బెంగాలీలో ఖరగ్‌పూర్ రాసేటప్పుడు కింద చుక్క ఉన్న ‘డ’ వస్తుంది. దాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ‘డ’కు చుక్కను విడిగా చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి తేడా లేదు. ఊరి పేరు ఒక పద్ధతిలో 21 బైట్లు, ఇంకో పద్ధతిలో 24. యూనికోడ్ సాధారణీకరణ చేస్తే రెండూ రెండు సంకేతాల రూపానికే వస్తాయి, అంటే ఫైలు రాసే ముందు చేసే ఈ శుద్ధి పొడవును పెంచుతుంది. పొడవు సరిచూసిన తర్వాత శుద్ధి చేస్తే చూసినదంతా వృథా.

కనబడని సంకేతాలు రెండోది. తెలుగులో ఖరగ్‌పూర్ అని రాసినప్పుడు ‘గ్’ కింద పా వత్తు పడకుండా ఆపేది కంటికి కనబడని ఒక విభజన సంకేతం. దానికి 3 బైట్లు. దానితో ఊరి పేరు 27 బైట్లు, లేకుండా 24. చోటు కోసం దాన్ని తీసేస్తే వత్తు పడి ఊరి పేరే మారిపోతుంది. కనబడనిది కాబట్టి తీసేయవచ్చన్న నియమం, శుభ్రం చేసే ప్రోగ్రామ్‌లు చాలా వాటిలో ఉంటుంది. తెలుగు తెలిసినవారు పక్కన లేకపోతే ఆ తప్పు ఎవరికీ పట్టదు.

ఖాళీ గుర్తు మూడోది. యూటీఎఫ్-8లో అది ఒక బైటు, యూటీఎఫ్-16లో రెండు. మెయిన్‌ఫ్రేమ్ సంకేతాల్లో దాని విలువే వేరు, 32 బదులు 64. సంకేత పద్ధతి మార్పిడికి ముందు నింపాలా, తర్వాత నింపాలా అన్నది ఒప్పందంలో రాయకపోతే ఎవరికి తోచింది వారు చేస్తారు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది: పట్టని పేరును ఏం చేయాలి? కోయడమా, వెనక్కి పంపడమా? కోసేవారు పని ఆగకూడదంటారు. వెనక్కి పంపేవారు తప్పు పేరుతో డబ్బు వెళ్లడం కంటే ఒకరోజు ఆలస్యం మేలంటారు. ఈ విషయంలో ఒప్పుదల లేదు.

నా తీర్పు

ఇన్ని వాదనలు చదివాక నాకు కుదిరిన మాట ఇది. ఫైలు కొలత బైట్లే, దానికి ప్రత్యామ్నాయం లేదు. కోత హద్దు మాత్రం అక్షరం. అది యూనికోడ్ ఏ కూర్పు ప్రకారమో ఒప్పందంలో రాసి ఉండాలి. డేటాబేసు కాలమ్‌లో కోడ్ పాయింట్ల లెక్క ఉంచుకోవచ్చు, అలాంటప్పుడు ఫైలులో దానికి మూడింతల బైట్లు ఇవ్వాలి. సాధారణీకరణ మొదట, పొడవు చూడడం తర్వాత, ఖాళీలు నింపడం చివర. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు పట్టకపోతే కోయకుండా విడి జాబితాలోకి తీయాలి. మిగతా వివరణ అంశాలను అక్షరం దగ్గర కోసుకోవచ్చు. రోమన్ రూపం పంపక తప్పనప్పుడు తెలుగు రూపాన్ని డేటాబేసులో చెరపకుండా ఉంచాలి.

ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు అధికార భాష గుర్తింపు అమలు గురించి అధికారులను కలిసినప్పుడు బోర్డులతో పాటు ఈ ఒక్క మాట కూడా అడగాలి: మా పేరు మీ రికార్డులో తెలుగులో ఉంటుందా, ఉంటే అక్కడి నుంచి బయటకు వెళ్లేటప్పుడు చెక్కు చెదరకుండా వెళుతుందా? హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో, అమెరికాలో ఫైలు ఒప్పందాలు రాసే తెలుగు ఇంజనీర్లకు నా మనవి ఇంకా చిన్నది. తర్వాతి ఒప్పందం మీ చేతికి వచ్చినప్పుడు పేరు ఎదురుగా ఉన్న సంఖ్య పక్కన ‘బైట్లు’ అని రాయించండి. పరీక్ష డేటాలో ఒక వెంకటేశ్వరరావును, ఒక లక్ష్మిని, ఒక ఖరగ్‌పూర్‌ను చేర్చండి.